"స్కానర్ ఉందా అన్నా?" బెంగళూరులో నోట్లు లేని చెల్లింపులపై తరచుగా అడిగే ప్రశ్నలు

మారతహళ్ళి పక్కన మున్నెకొళాలలో మాకు కర్రీ పాయింట్ ఉంది. కదిరి నుంచి వచ్చి పద్నాలుగేళ్ళయింది. సాయంత్రం ఏడు నుంచి పది దాకా గల్లా దగ్గర నేనే కూర్చుంటాను. పప్పు, వేపుడు కట్టేలోపు జనం అడిగే ప్రశ్నల్లో సగం డబ్బు గురించే. పడిందా, పడలేదా, నోటిస్తే చిల్లర ఉందా, ఎదురు టీ కొట్టువాడు స్కానర్ (అంటే ఫోన్‌తో స్కాన్ చేసే క్యూఆర్ స్టిక్కర్) ఎందుకు పీకేశాడు. పీజీ హాస్టళ్ళలో కొత్తగా దిగిన పిల్లలు ఒక రకంగా అడుగుతారు, కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దవాళ్ళు ఇంకో రకంగా. చెప్పిందే చెప్పి విసుగొచ్చి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. బ్యాంకు ఉద్యోగిని కాను, రోజూ ఈ గొడవలో ఉండేవాణ్ణి.

బెంగళూరులో జేబులో ఒక్క నోటు లేకుండా రోజు గడుస్తుందా?

గడుస్తుంది. పొద్దున టీ, ఆఫీసుకు ఆటో, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం బండి మీద పానీపూరి, రాత్రి మా దగ్గర కూర, అన్నీ ఫోన్‌తోనే అయిపోతాయి. కొబ్బరి బొండాల బండికి కూడా కత్తి పక్కన క్యూఆర్ అట్ట వేలాడుతుంది. మా కొట్టుకొచ్చే పదిమందిలో ఎనిమిది మంది ఫోనే తీస్తారు. కొందరు కుర్రాళ్ళకు పర్సు అనే వస్తువే లేదు.

కానీ నెలలో ఒకటి రెండు రోజులు గడవదు. ఆ రోజు ఎప్పుడొస్తుందో ముందుగా తెలీదు, అదే చిక్కు.

ఇదంతా ఎప్పుడు మొదలైంది?

ఫోన్‌తో ఒక బ్యాంకు ఖాతా నుంచి ఇంకో ఖాతాకు డబ్బు పంపే యూపీఐని నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ 2016 ఏప్రిల్‌లో తెచ్చింది. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. అదే ఏడాది నవంబర్ 8న పెద్ద నోట్లు రద్దయ్యాక అందరికీ అవసరమొచ్చింది. మేం అప్పటికి కొట్టు పెట్టి రెండేళ్ళు. వారం రోజులు అరువు పుస్తకంతో నడిపాం. ఫోన్‌పే పుట్టిందే బెంగళూరులో కనుక ఇక్కడి వీధుల్లో స్టిక్కర్లు తొందరగా వచ్చాయి. గూగుల్ వాళ్ళు 2017లో తేజ్ అని తెచ్చి మరుసటి ఏడాది గూగుల్ పే చేశారు. 2025 ఆగస్టులో దేశం మొత్తం మీద ఒక్క నెలలోనే 2,000 కోట్ల యూపీఐ చెల్లింపులు దాటాయి.

మరి కొట్టువాళ్ళకు ఇప్పుడు నోట్లతో పనే లేదా?

ఈ ప్రశ్న ఎవరూ సరిగ్గా అడగరు. అడిగితే నాకు చెప్పాలని ఉంటుంది.

జనం నోట్లివ్వడం మానేశారు. నేను ఇవ్వాల్సినవాళ్ళు మానలేదు. తెల్లవారుజామున కేఆర్ మార్కెట్‌కు వెళ్తాను. మండీ పెద్దమనిషి దగ్గర స్కానర్ ఉంటుంది. అక్కడ రెండు బస్తాల టమాటా, ఒక బస్తా వంకాయకు ఫోన్‌లోనే కడతాను. ఆ బస్తాల్ని జనం మధ్యలోంచి ఆటో దాకా మోసే హమాలీ మాత్రం తలమీది చుట్టగుడ్డ విప్పుకుంటూ చెయ్యి చాపుతాడు. ఆ చేతిలో నోటే పెట్టాలి. అతని దగ్గర ఫోన్ లేక కాదు. ఆ డబ్బుతో పది నిమిషాల్లో టిఫిన్ తినాలి, ఆ టిఫిన్ బండిలో స్కానర్ లేదు. మా దగ్గర గిన్నెలు తోమే అమ్మకు వారం వారం చేతికే ఇవ్వాలి. గ్యాస్ సిలిండర్ తెచ్చే కుర్రాడికి పైన ఇచ్చేది కూడా నోటే.

ఒకప్పుడు నా బాధ చిల్లర. ఇప్పుడు నా బాధ నోట్లే. రాత్రి గల్లా తెరిస్తే మూడు నాలుగు వందలకు మించి ఉండవు, ఖాతాలో మాత్రం వేలు పడి ఉంటాయి. ఏటీఎంకు వెళ్ళాలి. బెంగళూరు లాంటి మెట్రో నగరాల్లో వేరే బ్యాంకు ఏటీఎంలో నెలకు మూడుసార్లే ఉచితం, సొంత బ్యాంకులో ఐదు. ఆ పైన ఒక్కోసారికి 23 రూపాయల దాకా వేస్తారు, దానిమీద పన్ను వేరు. అందుకే మా కొట్టులో ఎవరైనా ఐదు వంద నోట్లు తీసి ఇస్తే మా ఆవిడ ఒక గరిటె పప్పు ఎక్కువ వేస్తుంది. ఇది ఎవరికీ చెప్పొద్దు.

కొన్ని కొట్లలో "నో యూపీఐ, ఓన్లీ క్యాష్" అని ఎందుకు రాశారు?

2025 జులైలో మొదలైంది. కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ లెక్కలు తెప్పించుకుని, జీఎస్టీ పరిమితి దాటి కూడా నమోదు చేసుకోని చిన్న వ్యాపారులకు నోటీసులు పంపింది. వేలమందికి వెళ్ళాయి. బేకరీలు, టీ కొట్లు, కాండిమెంట్స్ అనే చిల్లర కొట్లు, కూరగాయల వాళ్ళు. హావేరిలో ఒక కూరగాయల వ్యాపారికి 29 లక్షలు కట్టమని వచ్చిందని పేపర్లలో చదివి ఈ వీధిలో చాలామందికి నిద్ర పట్టలేదు. రాత్రికి రాత్రి స్టిక్కర్లు పీకేశారు. మా ఎదురు టీ కొట్టు గోడ మీద ఆ జిగురు మచ్చ ఇప్పటికీ ఉంది.

జులై 25న బంద్ అన్నారు. 23న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య వ్యాపారుల సంఘాలతో మాట్లాడారు. పాత బకాయిలు వసూలు చేయబోమనీ, పరిమితి దాటినవాళ్ళు మాత్రం జీఎస్టీలో చేరాలనీ చెప్పడంతో గొడవ సద్దుమణిగింది. చాలా చోట్ల స్కానర్లు తిరిగొచ్చాయి. కొన్ని రాలేదు.

నా అభిప్రాయం అడిగితే రెండు వైపులా తప్పుంది. పన్ను ఫోన్ డబ్బు మీదే పడుతుంది, నోట్లయితే పడదు అనుకోవడం తప్పు. అమ్మకం ఏ రూపంలో అయినా అమ్మకమే. మరోవైపు ఖాతాలో పడిన ప్రతి రూపాయినీ అమ్మకం కింద లెక్కేసినా తప్పే. మా టీ కొట్టు ఆయన ఖాతాలోకి చీటీ డబ్బు వచ్చింది, తమ్ముడు ఇల్లు కట్టుకోవడానికి పంపింది వచ్చింది, ఎవరికో నోట్లిచ్చి ఫోన్‌లో తీసుకున్నది వచ్చింది. అవన్నీ టీ అమ్మిన డబ్బేనా? కాదని చూపించడానికి ఆయన దగ్గర ఒక్క కాగితం లేదు.

ఎంత అమ్మితే జీఎస్టీ పడుతుంది?

సరుకులు అమ్మేవాళ్ళకు ఏడాదికి 40 లక్షలు, సేవలకు 20 లక్షలు దాటితే నమోదు తప్పనిసరి. వండిన భోజనం అమ్మడం సేవ కిందికే వస్తుంది, కాబట్టి మా లాంటి వాళ్ళకు 20 లక్షలే. వినడానికి పెద్ద అంకె. రోజుల మీద పంచి చూడండి. రోజుకు 5,500 అమ్మితే ఏడాదికి 20 లక్షలు దాటిపోతుంది. 40 లక్షలంటే రోజుకు దాదాపు 11 వేలు. ఇది లాభం కాదు, మొత్తం అమ్మకం. సిగరెట్లు, పాల ప్యాకెట్లు పెట్టుకున్న చిన్న కొట్టుకు 11 వేల అమ్మకం గొప్పేమీ కాదు, అందులో మిగిలేది చాలా తక్కువ.

పన్ను లేని సరుకులు, అంటే విడి పాలు, కూరగాయలు, పళ్ళు మాత్రమే అమ్మేవాళ్ళు పరిమితి దాటినా నమోదు అక్కర్లేదు. ఆ వ్యాపారులకు భయం పుట్టించడం అనవసరం. కాంపోజిషన్ స్కీము అని ఉంది. ఏడాదికి కోటిన్నర అమ్మకం దాకా సరుకుల వాళ్ళు అమ్మకం మీద 1 శాతం, భోజనం పెట్టేవాళ్ళు 5 శాతం కడితే సరిపోతుంది. ఒక మంచి ఆడిటర్ దగ్గర గంట కూర్చోండి. నేను ఇంటి ఖాతా, కొట్టు ఖాతా వేరు చేసుకున్నది ఆ గంట తర్వాతే.

నేను ఫోన్‌పే చేస్తే కొట్టువాడికి కమీషన్ కట్ అవుతుందా?

అవదు. 2020 జనవరి 1 నుంచి యూపీఐ మీద, రూపే డెబిట్ కార్డు మీద వ్యాపారి నుంచి రుసుము తీసుకోవడం లేదు. మీరు ఖాతా నుంచి వంద పంపితే నాకు వందే పడుతుంది. డబ్బు పడగానే పలికే సౌండ్‌బాక్స్ పెట్టెకు మాత్రం నెల నెలా అద్దె. మాకు వంద పైచిలుకు. "కార్డైతే రెండు శాతం ఎక్స్‌ట్రా" అనేది క్రెడిట్ కార్డు మాట, యూపీఐతో కలపకండి.

రూపే క్రెడిట్ కార్డును యాప్‌లో పెట్టుకున్నాను, కొన్ని కొట్లలో పని చెయ్యట్లేదు, ఎందుకు?

ఆ కొట్టువాడు వాడేది సొంత ఖాతా స్కానర్ అయి ఉంటుంది. క్రెడిట్ కార్డు యూపీఐ వ్యాపార క్యూఆర్ మీదే నడుస్తుంది. బావమరిదికి పంపడానికీ కుదరదు.

డబ్బు నా ఖాతాలో కట్ అయింది, కొట్టుకు పడలేదు. ఏం చెయ్యాలి?

ముందు అరవకండి. రెండోసారి డబ్బు పంపకండి కూడా, కనీసం రెండు నిమిషాలు ఆగండి. యాప్‌లో చరిత్ర తెరిస్తే ఆ చెల్లింపు పక్కన పెండింగ్ అనో, ఫెయిల్డ్ అనో, సక్సెస్ అనో ఉంటుంది. పెండింగ్ అంటే ఇంకా ఎటూ తేలలేదు. ఫెయిల్డ్ అయితే వెనక్కి వస్తుంది. సక్సెస్ అని ఉండి కొట్టుకు పడకపోతే అక్కడ కనిపించే పన్నెండు అంకెల యూటీఆర్ నంబరు చూపించండి. కొట్టువాడు తన బ్యాంకులో ఆ నంబరుతోనే వెతుక్కుంటాడు.

రిజర్వు బ్యాంకు 2019లో పెట్టిన గడువులున్నాయి. మనిషికి పంపింది చేరకపోతే మరుసటి రోజులోపు తిరిగి రావాలి. కొట్టుకు చెల్లించినదైతే ఐదు రోజులు. అది దాటితే ఆలస్యమైన ప్రతి రోజుకూ బ్యాంకు 100 రూపాయలు ఇవ్వాలి. మీరు అడగకపోయినా ఇవ్వాలి. యాప్‌లోనే ఫిర్యాదు పెట్టండి, ఆ తర్వాత బ్యాంకుకు. నెల రోజుల్లో తేలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు తేల్చే అధికారికి) ఆన్‌లైన్‌లో రాయొచ్చు, ఖర్చేమీ లేదు.

మొత్తం సర్వర్ పడిపోతే వేరే కథ. 2025 ఏప్రిల్ 12, శనివారం. మధ్యాహ్నం భోజనాల వేళకు దేశమంతా యూపీఐ మొరాయించింది. మా ముందు పదిహేను మంది, అందరి ఫోన్లలో గుండ్రంగా తిరుగుతున్న గుర్తు. కూర చల్లారుతోంది. మా ఆవిడ పాత స్కూలు నోటుపుస్తకం తీసి పేరు, నంబరు, ఎంతో రాసుకోమంది. పదకొండు మంది రాశారు. సోమవారానికి తొమ్మిది మంది ఇచ్చేశారు. పదోవాడు ఖాళీ చేసి హైదరాబాద్ వెళ్ళిపోయాడట, అక్కడి నుంచి పంపాడు. పదకొండో పేరు దగ్గర "సురేష్ 90" అని మాత్రమే ఉంది, నంబరు లేదు. మా వీధిలో సురేష్‌లు చాలామంది.

సౌండ్‌బాక్స్ పలికేదాకా మమ్మల్ని ఎందుకు నిలబెడతారు? అంత నమ్మకం లేదా?

మా అమ్మ కూడా ఇదే అడిగింది. "ఆ డబ్బా చెప్తే గానీ మనిషి మాట నమ్మరేమిరా?"

ఒక శుక్రవారం రాత్రి రద్దీలో ఒకడు పన్నెండు చపాతీలు, రెండు చికెన్ కర్రీలు కట్టించుకుని ఫోన్ తిప్పి చూపించాడు. పచ్చ టిక్కు, మా కొట్టు పేరు, 340, టైము, అన్నీ ఉన్నాయి. తల ఊపాను. పడుకునే ముందు లెక్క చూస్తే ఆ 340 లేదు. అచ్చం అలాగే బొమ్మ చూపించే దొంగ యాప్‌లు ఉన్నాయని తర్వాత తెలిసింది. అప్పట్నుంచి పెట్టె పలకాల్సిందే అన్నాను.

ఆ రూలు కూడా నిలవలేదు. పెట్టెలో ఉండేది ఒక సిమ్ కార్డు. వర్షం పడితే దానికీ సిగ్నల్ పోతుంది. అలాంటి రోజు ఒక అమ్మాయి 180 పంపింది, పెట్టె నోరు మెదపలేదు. "ఇంకోసారి చూడమ్మా" అన్నాను, గొంతు కాస్త గట్టిగానే. వెనక లైనులో వాళ్ళందరూ ఆమెవైపు చూశారు. పర్సులోంచి రెండు వందల నోటు తీసి పెట్టి, చిల్లర కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది. పొద్దున స్టేట్‌మెంట్‌లో ఆ 180 ఉంది, వర్షంలో వచ్చిన టైముతో సహా. వారం దాకా ఆమె రాలేదు. వచ్చిన రోజు ఆ రోజు డబ్బంతా తిరిగిచ్చాను. తీసుకుంది గానీ నవ్వలేదు.

ఇప్పుడు పెట్టె పలకకపోతే నా ఫోన్‌లో బ్యాంకు మెసేజ్ చూస్తాను. అదీ రాకపోతే యూటీఆర్ నంబరు రాసుకుని పంపించేస్తాను.

వేరేవాళ్ళకు పొరపాటున పంపేశాను. వెనక్కి వస్తుందా?

అవతలివాళ్ళు ఒప్పుకుంటే వస్తుంది. ఫోన్ చేసి మర్యాదగా అడగండి, వినకపోతే మీ బ్యాంకులో ఫిర్యాదు ఇవ్వండి. బ్యాంకు తనంతట తాను ఇంకొకరి ఖాతాలోంచి లాగి ఇవ్వదు. 2025 జూన్ ఆఖరు నుంచి పంపే ముందు అవతలివారి బ్యాంకు ఖాతాలో ఉన్న అసలు పేరే కనిపించాలని నియమం. ఫోన్‌లో మీరు "చిన్నాన్న" అని సేవ్ చేసుకున్నా తెర మీద ఆయన పూర్తి పేరు వస్తుంది. పిన్ కొట్టే ముందు ఆ ఒక్క లైను చదవండి.

డబ్బు రావాలంటే పిన్ కొట్టమన్నారు. కొట్టాలా?

వద్దు. పిన్ కొట్టేది డబ్బు పోవడానికే, రావడానికి ఎప్పుడూ అక్కర్లేదు. పాత సోఫా అమ్మకానికి పెడితే "నేను ఆర్మీలో ఉన్నాను, ఈ క్యూఆర్ స్కాన్ చేస్తే డబ్బు పడుతుంది" అనేవాళ్ళు ఇంకా తయారవుతూనే ఉన్నారు. స్కాన్ చేస్తే మీ డబ్బే పోతుంది. మనిషి నుంచి మనిషికి "ఇంత పంపు" అని పంపే రిక్వెస్టులను 2025 అక్టోబర్ 1 నుంచి ఆపేశారు, అది కొంత మేలు. మోసపోయామని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్యండి. సిగ్గుపడి రెండు రోజులు దాచుకుంటే ఆ డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది.

కొట్టువాళ్ళకు ఒక మాట. రాత్రిపూట మీ స్టిక్కర్ మీద ఎవరైనా తమ స్టిక్కర్ అతికించి పోతే రోజంతా అమ్మకం వాళ్ళకు వెళ్తుంది. పొద్దున షట్టర్ ఎత్తగానే మీ స్కానర్‌కు మీరే ఒక రూపాయి పంపుకుని పేరు చూసుకోండి.

నేను నోటిస్తే తీసుకోనంటున్నారు. అలా అనొచ్చా?

1934 నాటి రిజర్వు బ్యాంకు చట్టం సెక్షన్ 26 ప్రకారం నోటు దేశమంతటా చెల్లుబాటయ్యే డబ్బు. బాకీ తీర్చడానికి చెల్లుతుంది. అందుకే కడుపునిండా తిన్నాక "క్యాష్ తీసుకోం" అంటే నేనైతే వాదిస్తాను, అప్పటికే నేను వాళ్ళకు బాకీ పడ్డాను కదా. లోపలికి వెళ్ళకముందే బోర్డు పెట్టి ఉంటే వాళ్ళు అది అమ్మకపు షరతు అంటారు. వాదించి గెలవడం కన్నా పక్క కొట్టుకు వెళ్ళడం తేలిక. ఇందిరానగర్, కోరమంగల వైపు కొన్ని కాఫీ షాపుల్లో ఈ రకం బోర్డులు చూశాను. ఒక పెద్దాయన చేతిలో ఐదు వందల నోటు పెట్టుకుని కాఫీ దొరకక నిలబడితే చూడ్డానికి బాగోదు. అది చట్టమా కాదా అని కాదు, మా ఇళ్ళల్లో అయితే వచ్చినవాణ్ణి అలా పంపరు.

పది రూపాయల నాణెం చెల్లదనేది పుకారు. పద్నాలుగు రకాల డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే చెప్పింది. రెండు వేల నోటు ఇంకా బీరువాలో దొరికితే మామూలు బ్యాంకులు తీసుకోవు. బెంగళూరులో నృపతుంగ రోడ్డులోని రిజర్వు బ్యాంకు ఆఫీసులో మార్చుకోవచ్చు.

ఊరి నుంచి అమ్మానాన్న వస్తున్నారు. వాళ్ళకు ఇవేవీ రావు. ఎలా?

మూడు దారులు. మొదటిది యూపీఐ సర్కిల్. మీ ఖాతా మీదే మీ అమ్మగారి ఫోన్‌ను జతచేస్తారు. ప్రతి చెల్లింపుకూ మీరు ఒప్పుకునేలా పెట్టొచ్చు, లేదా నెలకు 15,000 దాకా ఒక పరిమితి పెట్టి వదిలేయొచ్చు. నేను మొదటి రకం పెట్టాను. అమ్మ కూరగాయల బండి దగ్గర నిలబడి కొత్తిమీర కొంటుంటే నేను కేఆర్ మార్కెట్‌లో సెల్ తీసి 10 రూపాయలు ఒప్పుకోవాలి. రెండో రోజే ఇద్దరికీ చిరాకొచ్చి పరిమితి రకానికి మార్చాం.

రెండోది బటన్ ఫోన్ వాళ్ళకు, యూపీఐ 123పే. ఒక నంబరుకు కాల్ చేసి అది చెప్పిన బటన్లు నొక్కుతూ పోవాలి. ఒక్కోసారికి 10,000 దాకా కుదురుతుంది. ఓపిక కావాలి.

మూడోది మా నాన్న పద్ధతి. లుంగీ మడతలో ఎనిమిది వందలు, అన్నీ యాభై, ఇరవై నోట్లు. ఆయనకు ఈ ఊళ్ళో ఇంతవరకు ఎక్కడా ఇబ్బంది రాలేదు.

బస్సు, మెట్రో, ఆటో సంగతి?

బీఎంటీసీ (సిటీ బస్సు) కండక్టర్ల దగ్గర క్యూఆర్ ఉంటుంది, చాలా రూట్లలో ఫోన్‌తోనే టికెట్ తీసుకోవచ్చు. బస్సు కదులుతూ సిగ్నల్ పోతే మాత్రం కండక్టర్ "చిల్లరె కొడి" (చిల్లర ఇవ్వండి) అనేదాకా వస్తుంది. చిల్లర లేకపోతే టికెట్ వెనక పెన్‌తో 14 అని రాసి దిగేటప్పుడు అడగమంటారు. దిగే తొందరలో మీరు మర్చిపోతారు. ఆ 14 రూపాయల టికెట్లు నా దగ్గర రెండున్నాయి. శక్తి పథకం ఉచిత ప్రయాణం కర్ణాటక చిరునామా గుర్తింపు కార్డున్న ఆడవాళ్ళకే. మా అమ్మకు ఆంధ్రా ఆధార్, అక్కడ ఫ్రీ, ఇక్కడ టికెట్.

మెట్రోలో వాట్సాప్ ద్వారా క్యూఆర్ టికెట్ 2022 నవంబర్ నుంచి ఉంది. రోజూ తిరిగేవాళ్ళయితే స్మార్ట్ కార్డు తీసుకోండి, టికెట్ మీద 5 శాతం తగ్గుతుంది. ఆటోవాళ్ళు స్కానర్ పెట్టుకుంటారు. పెట్టుకోనివాళ్ళు దిగాక "పెట్రోలు కొట్టించాలి సార్, క్యాషే ఇవ్వండి" అంటారు. ఎక్కకముందే అడగండి.

ఊరికి కారులో వెళ్తుంటే టోల్ దగ్గర?

ఫాస్టాగ్‌లో డబ్బు ఉందో లేదో సాదహళ్ళి గేటుకు ముందే చూసుకోండి, బాగేపల్లి దాకా ఆగొద్దు. ట్యాగ్ లేకపోతే, పని చెయ్యకపోతే 2025లో నోట్లతో రెట్టింపు కట్టాల్సి వచ్చేది. ఆ ఏడాది నవంబర్ 15 నుంచి అక్కడే యూపీఐతో కడితే ఒకటింబావు రెట్లే అన్నారు. ఒకరకంగా ప్రభుత్వమే నోటుకు జరిమానా వేసినట్టు.

టెక్ పార్కు ఫుడ్ కోర్టుల్లో ముందే కార్డు కొనమంటున్నారు. మంచిదేనా?

కాదు. ఇది నా సొంత కోపం కూడా. ఒక పెద్ద ఫుడ్ కోర్టులో చుట్టాల పిల్లలతో వెళ్ళాను. ముందు కౌంటర్‌లో 500 వేసి కార్డు ఇచ్చారు. 380 ఖర్చయింది. మిగిలిన 120 వెనక్కి అడిగితే రీఫండ్ కౌంటర్ ఎనిమిదికే మూసేశారట. మరోసారి వెళ్తే కార్డు గడువు అయిపోయిందన్నారు. ఆ కార్డు ఇప్పుడు మా గల్లాపెట్టెలో ఉంది, అప్పడాల ప్యాకెట్ కత్తిరించడానికి వాడుతున్నాం. పాటల మేళాల్లో చేతికి కట్టే పట్టీలదీ ఇదే పద్ధతి. లోపల నోటు చెల్లదు, ఫోన్ చెల్లదు, పట్టీలో వేసుకున్న డబ్బే చెల్లుతుంది. ఎంత తింటారో అంతకన్నా కొంచెం తక్కువే వేయించండి. బయటకు వచ్చేటప్పుడు కాదు, లోపలికి వెళ్ళేటప్పుడే రీఫండ్ ఎక్కడ, ఎప్పటిదాకా అని అడగండి.

ఇంట్లో పనిచేసే అమ్మాయికి జీతం ఫోన్‌లో వెయ్యాలా, చేతికివ్వాలా?

ఆమెనే అడగండి. మా గిన్నెలు తోమే అమ్మకు మొదట నంబరు అడిగి వేశాను. ఆ నంబరు ఆమె భర్తది. మూడు వారాలు జీతం ఆమె చేతికి రాలేదు. ఆమె చెప్పలేదు, అడ్వాన్సు అడిగినప్పుడు బయటపడింది. అప్పటి నుంచి చేతికే ఇస్తున్నాను. ఇంకొకామె తన పేరున ఖాతా ఉంది, అందులోనే వెయ్యండి, ఇంట్లో నోట్లుంటే నిలవవు అంటుంది. ఆమె చెప్పిందీ నిజమే.

నెట్ సరిగ్గా లేనప్పుడు?

చిన్న చెల్లింపులకు యూపీఐ లైట్ పెట్టుకోండి. అందులో 5,000 దాకా ఉంచుకోవచ్చు, ఒక్కోసారికి 1,000 దాకా పిన్ లేకుండా పోతుంది. బ్యాంకు సర్వర్ నీరసంగా ఉన్న రోజున ఇది తొందరగా పడుతుంది. ఫోన్ పోతే అందులో డబ్బుకూ పిన్ కాపలా లేదు, కాబట్టి వేలు వేసి పెట్టకండి.

డిజిటల్ రూపాయి అంటే ఇదేనా?

కాదు. అది రిజర్వు బ్యాంకు విడుదల చేసే నోటుకే ఫోన్ రూపం. 2022 డిసెంబర్ 1న జనం కోసం ప్రయోగంగా మొదలైన నాలుగు నగరాల్లో బెంగళూరు ఒకటి. మా కొట్టులో ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

ఇంతకీ జేబులో ఎంత ఉంచుకోవాలి?

నా లెక్క 500. ఒకే నోటుగా కాదు. ఐదు వందల నోటు చూపిస్తే ఆటోవాడూ "చిల్లర లేదు" అంటాడు, హమాలీ ఏం చేసుకుంటాడు దాన్ని. రెండు వంద నోట్లు, మూడు యాభైలు, ఐదు ఇరవైలు, ఐదు పదులు. ఫోన్ కవర్ వెనక పెట్టొద్దు, ఫోన్ పోతే అవీ పోతాయి. కార్తీక మాసంలో బసవనగుడి కడలెకాయి పరిషెకు (వేరుశనక్కాయల జాతరకు) వెళ్తే ఇంకో రెండు వందలు అదనంగా. ఆ జనంలో సిగ్నల్ ఉండదు, వేరుశనక్కాయలు కొలిచి పోస్తున్న పెద్దమ్మకు మీ తిరుగుతున్న గుర్తు చూసే తీరిక ఉండదు.

మిగిలిపోయిన వంద నోట్లు ఎవరి దగ్గరైనా ఉంటే రాత్రి తొమ్మిదిన్నరలోపు మా కొట్టుకు తెచ్చివ్వండి, ఫోన్‌లో వేస్తాను. పొద్దున నాలుగింటికి మార్కెట్‌కు పోవాలి.